ముందు చుక్కలు, తరవాత గీతలు

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగపాఠం)



గద్వాల పక్కన ధరూర్ మండలంలో "ప్రాజెక్టు" అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. రేవులపల్లి దగ్గర కృష్ణ మీద వున్న జూరాలే ప్రాజెక్టు. 1981లో పునాదిరాయి పడింది, 1995లో నీళ్ళు నిలిచాయి. అంచేత ఆ వైపు బడిపిల్ల ఇంటికొచ్చి "అవ్వా, మా సారు ప్రాజెక్టు పని ఇచ్చిండు" అంటే, "ఇంత పిల్లకు ప్రాజెక్టు మీద పనేందే, కూలెంతిస్తరంట?" అని అవ్వ అడిగినా ఆశ్చర్యం లేదు.

అవ్వ పొరబాటు పడినా అందులో ఆలోచించదగ్గ సంగతి ఒకటి వుంది. నది మీద కట్ట వెయ్యాలంటే ముందు ఎన్నో ఏళ్ళు కొలుస్తారు. అడుగున రాయి ఎక్కడుంది, నీళ్ళు ఎంత దూరం నిలుస్తాయి, ఏ వూళ్ళు మునుగుతాయి, ఏ పొలాలకి పారుతుంది అని కాగితం మీద ముందే గీస్తారు. పిల్లల ప్రాజెక్టుకి మాత్రం కొలతా లేదు, గీతా లేదు. నేరుగా చార్టు కొనుక్కొచ్చి బొమ్మలు అతికించడమే.

మన పిల్లల పుస్తకాల్లో పాఠం చివర "ప్రాజెక్టు పని" అని ఒకటి ఇస్తూంటారు. చుట్టుపక్కల చూసి, నలుగురినీ అడిగి, లెక్కగట్టి రాసుకురమ్మని దాని వుద్దేశం. జరిగేదేమిటో మీకు తెలుసు. రేపు ఇవ్వాలనగా ఇవాళ రాత్రి తొమ్మిదింటికి చెప్తారు. నాన్న ఫోనులో వెతుకుతాడు. జిరాక్సు దుకాణంలో రంగుల బొమ్మలు తీయిస్తాడు. అమ్మ గమ్ము పూస్తుంది. పిల్ల పైన పేరు రాస్తుంది. కొన్ని చోట్ల చేసిపెట్టిన ప్రాజెక్టులే దుకాణంలో దొరుకుతున్నాయి. నలభై మంది పిల్లలు, నలభై చార్టులు, అన్నింట్లోనూ అదే అగ్నిపర్వతం. ధరూర్‌లో అగ్నిపర్వతం ఎక్కడుందమ్మా?

దీనికి పిల్లల బద్ధకం కారణమని నేననుకోను. ఏం చెయ్యాలో తోచకపోవడమే అసలు కారణం. "బాగా ఆలోచించి రాయి" అంటాం గాని ఎలా ఆలోచించాలో చెప్పం. ఆ "ఎలా"కి రెండు పద్ధతులున్నాయి. ఒకటి మేధోమథనం, బ్రెయిన్‌స్టార్మింగ్ అంటున్నారే, అది. రెండోది మైండ్ మ్యాపు. పేర్లు విని బెదరకండి. చుక్కలముగ్గు వెయ్యడం వచ్చినవాళ్ళకి ఈ రెండూ సగం వచ్చినట్టే. ముందు చుక్కలన్నీ పెడతాం. ఆ వేళకి ఏ చుక్కా గొప్పది కాదు, ఏ చుక్కా తక్కువది కాదు. అన్నీ పడ్డాకనే గీత మొదలెడతాం. ఒక చుక్క పెట్టి, అది బాగుందా లేదా అని తర్కించి, అప్పుడు రెండో చుక్క పెట్టేవాళ్ళని మీరెక్కడన్నా చూశారా? పిల్లల ఆలోచన దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం చేయించేది అదే.

చుక్కలు పెట్టే పనిని ఒక పద్ధతిగా ప్రచారం చేసినవాడు అలెక్స్ ఆస్బర్న్ అనే అమెరికన్. పంతులు కాదు, శాస్త్రజ్ఞుడు కాదు, వ్యాపార ప్రకటనల కంపెనీ మనిషి. కొత్త ప్రకటనలు తోచక కొట్టుకునేవాళ్ళ మధ్య పనిచేసి, 1953లో "అప్లైడ్ ఇమాజినేషన్" అనే పుస్తకంలో ఈ పద్ధతిని వివరంగా రాశాడు. ఆయన పెట్టిన కట్టుబాట్లు నాలుగే. ఎవరి మాటనీ అప్పటికప్పుడు కాదనకూడదు. వింత మాట వస్తే రానివ్వాలి. ఎన్ని ఎక్కువ వస్తే అంత మంచిది. ఒకరి మాటకి ఇంకొకరు మరో మాట ముడివేసి పెంచవచ్చు.

వినడానికి బాగానే వుంది. అయితే 1958లోనే యేల్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. నలుగురు కలిసి కూర్చుని చెప్పిన ఆలోచనలకన్నా, అంతే మంది ఎవరికి వారు విడిగా కూర్చుని రాసినవి పోగుచేస్తే ఎక్కువ తేలాయి. 1987లో అచ్చయిన మరో పరిశోధనలో అందుకు కారణం కూడా కనబడింది. ఒకరు మాట్లాడుతున్నంత సేపూ మిగతావాళ్ళు తమ వంతు కోసం ఆగాలి. ఆగేసరికి తోచింది మరిచిపోతారు, లేకపోతే "ఇదేం చెప్తాంలే" అనుకుని మింగేస్తారు.

మన తరగతి గదుల్లో ఈ మింగేసే జబ్బు ఇంకా ఎక్కువ. ఎప్పుడూ లేచి చెప్పేవాడు ముందు బెంచీలో వుంటాడు. వాడు చెప్పగానే "శభాష్" అంటాం, అంతటితో మథనం ముగిసింది. వెనకాల గోడవార కూర్చున్న ఆడపిల్లకి తెలిసిన సంగతి దానితోనే ఇంటికి పోతుంది. అందుకని నా మాట ఏమిటంటే, ముందు మౌనంగా రాయించండి, తరవాత మాట్లాడించండి. పాత నోటుపుస్తకం కాగితాలు చింపి చీటీలు చెయ్యండి. పది నిమిషాలు ఎవరూ నోరు విప్పకూడదు. చీటీకి ఒక్క మాట, లేదా ఒక్క ప్రశ్న. పేరు రాయకూడదు. చీటీలన్నీ ఒక డబ్బాలో కలిపేసి, ఒక పిల్ల చదువుతూంటే ఇంకో పిల్ల పెద్ద కాగితం మీదికి ఎక్కించాలి. చేతిరాత చూసి "ఇది ఫలానాదాని చీటీ" అని పట్టేసే గడుసువాళ్ళుంటారు, అందుకే ఈ జాగ్రత్త.

ఒక వుదాహరణ చెప్తాను. ధరూర్ బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు అయిదుగురు ఒక జట్టు అనుకుందాం. విషయం వాళ్ళ చుట్టూ వున్నదే, పత్తి. గద్వాల వైపు కృష్ణకీ తుంగభద్రకీ నడుమనున్న ఆ నేలని నడిగడ్డ అంటారు. అక్కడ సీడ్‌పత్తి, అంటే విత్తనం కోసమే పండించే పత్తి, పేరుపొందిన పంట. పిల్లల చీటీల్లో ఏమేం రావచ్చో చూడండి. పత్తిపువ్వు పొద్దున లేత పసుపుగా వుండి మర్నాటికి గులాబి రంగు ఎందుకవుతుంది? మందు కొట్టినరోజు తేనెటీగలు ఎక్కడికి పోతాయి? పత్తి ఇక్కడ పండుతుంటే గద్వాల చీరకి నూలు ఎక్కడినుంచి వస్తుంది? మగపువ్వు, ఆడపువ్వు అంటారు గదా, వాటిని ఎలా గుర్తుపడతారు? ఎవడో కొంటెపిల్లవాడు "పత్తి చెట్టు తాటిచెట్టంత ఎందుకు పెరగదు?" అని రాస్తాడు. నవ్వితే నవ్వండి గాని కొట్టెయ్యకండి. మొక్క ఎత్తు పెరిగితే పువ్వు చేతికందదు గదా అని ఇంకొకరు అంటారు. చేతికందడం ఎందుకు అంటే, క్రాసింగ్ చెయ్యాలి గదా అని మూడోవారంటారు. కొంటె ప్రశ్న ఎక్కడికి తీసుకొచ్చిందో చూశారా?

ఆ చీటీల్లో ఒకదాని మీద ఇలా వుండవచ్చు: "క్రాసింగ్‌కు పోయిన దినాలు హాజరు ఎవరేస్తరు?"

ఈ చీటీ దగ్గర కాసేపు ఆగాలి. పట్నాల్లో వినేవాళ్ళ కోసం క్రాసింగ్ అంటే ఏమిటో చెప్తాను. సంకర పత్తి విత్తనం తయారు కావాలంటే ఒక రకం పువ్వు పుప్పొడిని ఇంకో రకం పువ్వుకి చేత్తో అంటించాలి. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళ సాయంత్రమే గుర్తుపట్టి, దానిలోని పుప్పొడి తిత్తులు తీసేస్తారు. మర్నాడు పొద్దున మగమొక్క పువ్వు తెచ్చి ఆ మొగ్గ కీలాగ్రానికి రుద్దుతారు. ఒక్కొక్క పువ్వుకీ ఇలాగే. పూత వున్నన్నాళ్ళూ, వారాల తరబడి, రోజూ ఇదే పని. 1970లో గుజరాత్‌లోని సూరత్‌లో సి.టి. పటేల్‌గారు హెచ్-4 అనే రకాన్ని విడుదల చేశారు. ప్రపంచంలో రైతుల సాగుకి వచ్చిన మొదటి సంకర పత్తి అదే. అది మన దేశంలో సాధ్యం కావడానికి శాస్త్రజ్ఞుల తెలివి ఎంత కారణమో, తక్కువ కూలికి దొరికే వేళ్ళూ అంత కారణం. ఆ వేళ్ళలో పిల్లల వేళ్ళు, అందులోనూ ఆడపిల్లలవి ఎన్నో వున్నాయని 1990ల చివరినుంచి దావులూరి వెంకటేశ్వర్లుగారి వంటి పరిశోధకులు రాస్తూ వచ్చారు. "ఇప్పుడు తగ్గిందమ్మా" అనేవాళ్ళున్నారు. "ఎక్కడ తగ్గింది?" అనేవాళ్ళూ వున్నారు. ఎవరి మాట ఎంతవరకు నిజమో ఒక బడిమట్టుకు పిల్లలే లెక్కబెట్టి చూడగలరు. అదీ ఆ చీటీ విలువ.

ఇప్పుడు గీతల సంగతి. మైండ్ మ్యాపు అనే పేరుని లోకమంతా ప్రచారం చేసినవాడు ఇంగ్లండులో టోనీ బూజాన్. 1974లో బి.బి.సి. టెలివిజన్‌లో "యూజ్ యువర్ హెడ్" అనే కార్యక్రమంతో ఆయన పేరు మోగింది. మెదడు గురించి ఆయన చెప్పిన గొప్పలన్నీ నేను తలకెత్తుకోను గాని, పద్ధతి మాత్రం పనికొస్తుంది. పెద్ద కాగితం మధ్యలో అసలు మాట రాయాలి. దాన్నుంచి నాలుగైదు లావుపాటి కొమ్మలు, ఒక్కొక్క కొమ్మనుంచి సన్నటి రెమ్మలు. రెమ్మకి ఒక్క మాటే. రాయడం రానిచోట బొమ్మ వెయ్యవచ్చు. చార్టు కొనక్కర్లేదు, నిరుడి క్యాలెండరు వెనకవైపు శుభ్రంగా సరిపోతుంది. పెన్సిలుతో వెయ్యమనండి, తుడుపుకోవడానికి వీలుగా.

మన జట్టు కాగితం మధ్యలో "పత్తి" అని రాసింది. ఒక కొమ్మ "పువ్వు". దాని రెమ్మలు రంగు, మొగ్గ, సాయంత్రం, పొద్దున. ఇంకో కొమ్మ "పురుగు", దానికి మందు, తేనెటీగ. మరోటి "చీర". ఇంకోటి "కూలి", దాని మీద అడ్వాన్సు, ఆర్గనైజరు, అమ్మ. ఆ హాజరు చీటీ ఎక్కడ పెట్టాలో తెలియక "బడి" అని వేరే కొమ్మ వేశారు. దాని రెమ్మలు హాజరు, గంట, పొద్దున.

కాగితాన్ని దూరంగా గోడకి ఆనించి చూడమనండి. "పొద్దున" అనే మాట రెండు చోట్ల వచ్చింది. పువ్వు కొమ్మ మీద ఒకటి, బడి కొమ్మ మీద ఒకటి. పువ్వు విచ్చేదీ పొద్దునే, బడి గంట కొట్టేదీ పొద్దునే. పిల్ల రెండు గడియారాల మధ్య నిలబడింది. ఇది వరసగా రాసిన జాబితాలో కనబడుతుందా? మొదటిది మూడో నంబరులో, రెండోది ఇరవై ఏడో నంబరులో వుండిపోతాయి. బొమ్మగా వేసినప్పుడే ఆ రెంటి మధ్యా అడ్డగీత గియ్యాలని చెయ్యి లేస్తుంది.

ఆ అడ్డగీత మీద ఒక మాట రాయించండి. ఈ చిట్కా బూజాన్‌ది కాదు, అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్‌గారు 1970లలో తయారుచేసిన కాన్సెప్ట్ మ్యాపులోది. ఆ పద్ధతిలో గీతని వూరికే వదలకూడదు. "అందువల్ల", "అదే వేళకి", "దీనికి అడ్డం" అని సంబంధమేమిటో దాని మీద రాయాలి. నా మట్టుకు నాకు రంగురంగుల కొమ్మలకన్నా ఇదే విలువైన పని అనిపిస్తుంది. గీత గియ్యడం తేలిక, దాని మీద మాట రాయమంటేనే తెలిసిందీ తెలియనిదీ బయటపడుతుంది. మన జట్టు "అదే వేళకి" అని రాసింది. దాంతో ప్రాజెక్టు ప్రశ్న దొరికింది: పత్తి పూత వున్న నెలల్లో మా బడి హాజరు మారుతుందా? మారితే ఆడపిల్లలకి ఎంత, మగపిల్లలకి ఎంత?

ఇక్కడ పెద్దలు రెండు రకాలుగా అడ్డం పడతారు. ఒకరు "ఇది సైన్సు ప్రాజెక్టు కాదు" అంటారు. ఎందుకు కాదు? పువ్వు ఏ గంటకి విచ్చుకుంటుందో చూడాలి, హాజరు లెక్కించాలి, రెంటినీ పక్కపక్కన పెట్టాలి. 1993లో దేశమంతటా మొదలైన బాలల సైన్స్ కాంగ్రెస్‌కి కూడా పదేళ్ళనుంచి పదిహేడేళ్ళలోపు పిల్లలు తమ వూరి సమస్యనే తీసుకుని, తామే కొలిచి తేవాలని నియమం. రెండో రకంవారు "వూరి పరువు పోతుంది" అంటారు. వాళ్ళతో కాస్త నెమ్మదిగా మాట్లాడాలి. 2011 జనాభా లెక్కల్లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింట్లోనూ అదే అట్టడుగు. ధరూర్ అప్పుడు ఆ జిల్లాలోదే, జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడింది 2016లో. ఆ సంఖ్యని పిల్లలు తెచ్చిపెట్టలేదు గదా.

అయితే ఇలాంటి విషయం తీసుకున్నప్పుడు జాగ్రత్తలు గట్టిగా వుండాలి. ఎవరి పేరూ రాయకూడదు. "నువ్వెందుకు రాలేదే?" అని తోటిపిల్లని నలుగురిలో అడగకూడదు. ఆ చీటీ ఎవరు రాశారో వెతకనే కూడదు. బహుశా ఆ అయిదుగురిలోనే ఒకతె కావచ్చు. దాని ఇంట్లో అడ్వాన్సు తీసుకుని వుండవచ్చు. వాళ్ళమ్మని దోషిగా నిలబెట్టే ప్రాజెక్టు నాకు అక్కర్లేదు. హెడ్‌మాస్టరుగారి అనుమతితో హాజరుపట్టీ నుంచి మొత్తాలు మాత్రం తీసుకోవాలి. ఆర్గనైజర్ల దగ్గరికి, పొలాల మీదికి పిల్లల్ని విచారణలకి పంపకూడదు. ఆ పని పెద్దలది. పధ్నాలుగేళ్ళలోపు పిల్లల్ని కూలికి పెట్టుకోవడం నేరమని 2016లో సవరించిన చట్టం చెప్తున్నది. బడి వేళ తప్పించి, సెలవుల్లో సొంత ఇంటిపనికి చెయ్యి వెయ్యడాన్ని మాత్రం మినహాయించింది. ఏ పిల్ల అయినా ఆపదలో వుందని తెలిస్తే 1098కి ఫోను చెయ్యవలసింది టీచరూ మనమూ. ఆ బరువు పిల్లల ప్రాజెక్టు మీద పెట్టకండి.

లెక్క విషయంలో ఒక కిటుకు వుంది. అక్టోబరులో హాజరు రోజులు తక్కువ వచ్చాయంటే పత్తి వల్లనే అనుకోకూడదు, దసరా సెలవులు వచ్చి వుంటాయి. అందుకని రోజులు కాదు, శాతం చూడాలి. తరగతిలో 20 మంది ఆడపిల్లలు, ఆ నెలలో 24 పనిదినాలు అనుకోండి. అందరూ రోజూ వస్తే 480 హాజర్లు. పట్టీలో 408 వుంటే 85 శాతం. జూన్ నుంచి డిసెంబరు దాకా ఇలా నెలనెలా కట్టి, మగపిల్లలకి వేరే కట్టి, రెండు గీతలు గీస్తే చాలు. జ్వరాలూ వానాకాలంలోనే గదా అని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. అప్పుడు పత్తి తక్కువ వేసే వూరి బడి లెక్క ఒకటి పక్కన పెట్టి చూడవచ్చు. గీతలో తేడా కనబడకపోతే కనబడలేదనే రాయాలి. అనుకున్నది రాలేదని అంకెలు దిద్దే అలవాటు పిల్లలకి ఇప్పుడే చెయ్యకండి.

ఇన్ని కొమ్మల్లోంచి ఒకదాన్ని ఎంచుకోవడం ఎలా అని మీరడగవచ్చు. తలకి మూడు చింతగింజలివ్వండి. ఎవరికి నచ్చిన కొమ్మ మీద వాళ్ళు పెడతారు, మూడూ ఒకేచోట పెట్టినా సరే. గింజలు ఎక్కువ పడ్డవాటిని మళ్ళీ అడగండి: పదిహేను రోజుల్లో మనం కళ్ళతో చూడగలమా, లెక్కబెట్టగలమా, నడిచి వెళ్ళి అడగగలమా? కాదంటే పక్కన పెట్టండి. మిగిలినదానికి ఎవరు ఏ పని, ఏ తేదీకి అని ఆ కొమ్మల పక్కనే రాసేస్తే అదే ప్రణాళిక, వేరే కాగితం అక్కర్లేదు.

ఇక తల్లులుగా మన పాత్ర. చదువు రాని తల్లి తనకేం పని అనుకోకూడదు. మొగ్గ రేపు విచ్చుతుందా ఎల్లుండా అన్నది చూడగానే చెప్పే అమ్మలు నడిగడ్డలో ఎంతమంది లేరు! పిల్ల పలకరిస్తే ఆ సంగతి పలకాలి, అంతే. పెన్సిలు మాత్రం మన చేతిలోకి తీసుకోవద్దు. "ఇదేం పిచ్చి ప్రశ్నే" అనవద్దు. ఫోనుని పూర్తిగా మాన్పించనక్కర్లేదు గాని, చీటీలు రాసేముందు కాదు, కాగితం నిండాక చేతికివ్వండి. ముందే ఇస్తే అది మళ్ళీ అగ్నిపర్వతాన్నే చూపిస్తుంది.

బడిలో చూపించే రోజున శుభ్రమైన చార్టు పక్కనే ఆ చెరుపులు తుడుపులున్న క్యాలెండరు కాగితాన్ని కూడా తగిలించమనండి. చూడవచ్చినవాళ్ళు అడ్డగీత దగ్గర ఆగి, ఇదేమిటని అడుగుతారు. మిగిలిపోయిన చీటీలు పారెయ్యకుండా డబ్బాలోనే వుంచండి. పత్తిపువ్వు రంగు ఎందుకు మారుతుందన్న ప్రశ్న ఇంకా అందులోనే వుంది. దానికి ఒక మొక్క, రెండు పొద్దులు చాలు.